స్తంభం వెనకాల చోటు

(ఉదయం ఆరున్నర. ఆడవాళ్ళ బట్టలు కుట్టే కొట్టు. షట్టరు సగం దించి ఉంది. కత్తిరింపు బల్ల వెనక, మెళ్ళో టేపుతో దర్జీ వదిన. షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చిన ఆడపడుచు, మెళ్ళో ఈలతో. లోపలి గదికి అడ్డంగా నీలం, పసుపు గళ్ళ పరదా.)

"మాట మార్చకు వదినా. పరదా ఎక్కడుంది?"

"ఏ పరదా?"

"మా జిమ్ము పరదా. బట్టలు మార్చుకునే గదికుండేది. నీలంది. నువ్వొచ్చిన రోజు నుంచీ కనబడ్డంలేదు."

"నీలం పరదాలు ఊళ్ళో ఎన్ని లేవు!"

"ఎన్నయినా ఉండనీ, మాయమైంది ఒకటే. నువ్వు చంకలో ఏదో చుట్ట పెట్టుకుని వెళ్తుంటే కాపలా తాత చూశాడట."

"ఆయనకి చత్వారం."

"చత్వారమైతే దగ్గరవి కనబడవు. నువ్వు దూరంగా పరిగెడుతున్నావుగా, బాగానే కనబడ్డావు."

"టీ తాగుతావా?"

"వద్దు."

"బిస్కెట్టు?"

"వదినా!"

"అది కాదే ఈలపిట్టా, ఇంత పొద్దున్నే నీకు క్లాసుండాలి కదా. జిమ్ము కోచ్‌వి, పరదాల కోసం తిరగడమేంటి?"

"క్లాసా? ఎవరికి చెప్పను? ఆడవాళ్ళ బ్యాచిలో ఎనిమిదిమంది ఉండేవాళ్ళు. ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గుర్లో ఒకావిడ ఏసీ కోసం వస్తుంది, కుర్చీలో కూచుని వెళ్ళిపోతుంది. నిన్న ఓనరు పిలిచి చెప్పేశాడు. సోమవారానికి మళ్ళీ ఎనిమిదిమంది కాకపోతే బ్యాచి ఎత్తేస్తాడట. బ్యాచితో పాటు నన్నూ."

"అయ్యో!"

"అయ్యో అంటే సరిపోదు. మానేసిన ఐదుగురిలో మొదటిదానివి నువ్వు. ఒక్క రోజు వచ్చావు. ఒక్క రోజు! నీ వెనకే బ్యాంకు మేడం, కండక్టరు గారు, లెక్కల టీచరు, నర్సమ్మ, అందరూ టపటపా మానేశారు. నువ్వేదో మంత్రం వేశావ్."

"నాకు మంత్రాలొస్తే ముందు కాజాలు కుట్టించుకోనా వాటితో?"

"అదేంటి చప్పుడు?"

"ఏ చప్పుడు?"

"లోపల. ధబ్‌మని."

"బట్టల తాను పడుంటుంది."

"పడ్డాక 'ఉఫ్' అంది."

"ఏది?"

"తాను."

"బరువైన గుడ్డలే."

"వదినా, నా కళ్ళలోకి చూడు. రోజూ ఐదున్నరకి జిమ్ముకని ఇంట్లోంచి బయల్దేరుతున్నావు. నిన్న అన్నయ్య అడిగాడు, మీ వదిన ఎలా చేస్తోందే అని. చాలా బాగా చేస్తోందని చెప్పా. నీ కోసం అబద్ధమాడా."

"చల్లగా ఉండు తల్లీ."

"ఎక్కడికెళ్తున్నావ్ అసలు?"

"ఇక్కడికే. ఆర్డర్లు తెమలట్లేదు."

"ఆర్డర్లకి ఇంత చెమటా? జడ చివర్నుంచి నీళ్ళు కారుతున్నాయి."

"మిషను తొక్కి తొక్కి..."

"నీది కరెంటు మిషను!"

"అంటే... కరెంటు పోయి..."

"నీళ్ళు నమలకు. ఎందుకు మానేశావో చెప్పు. అంత బతిమాలి చేర్పించుకున్నానే, ఒక్కరోజుకే పారిపోయేంత కష్టం నేనేం పెట్టాను?"

"చెప్పమంటావా?"

"చెప్పు."

"పుస్తకం తియ్యమంటావా?"

"పుస్తకమేంటి?"

"కొలతల పుస్తకం. మీ జిమ్ము కొలతలు తీసుకొచ్చా."

"జిమ్ముకి కొలతలు తీశావా?!"

"నీ మెళ్ళో ఈలున్నట్టే నా మెళ్ళో టేపుంటుంది. చెయ్యి ఊరుకోదు. ఆఁ, ఇదిగో. గేటు. మూడు కడ్డీలతో గిర్రున తిరుగుతుందే, అది. సందు పదహారంగుళాలు. నేను ఇరవై ఒకటి."

"పక్కకి తిరిగి రావాల్సింది."

"పక్కకి తిరిగితే ఇరవై మూడు."

"మరెలా వచ్చావ్ లోపలికి?"

"సామాన్లు దింపే తలుపులోంచి. నీళ్ళ డబ్బాలతో పాటు. డబ్బాల కుర్రాడు నన్ను కూడా లెక్కపెట్టి సంతకం చేయించుకున్నాడు."

"నవ్వించకు వదినా, నేను కోపంగా ఉన్నా."

"తర్వాత, బరువు చూసే మిషను. అది మాట్లాడుతుంది. స్టేషన్లో రైలొచ్చేముందు చెబుతారే, ఆ గొంతుతో. నా బరువు హాలంతా చాటింపు వేసి, చివర్న 'ధన్యవాదములు' అంది. ఎందుకే నాకు ధన్యవాదాలు? నేను దానికేం ఇచ్చానని?"

"దాని గొంతు తగ్గించడం ఎవరికీ తెలీదు."

"నాకు తెలిసింది. అడుగున తువ్వాలు కుక్కా."

"అది నువ్వేనా! మూడు వారాల్నుంచి అది గొణుగుతోంది! మెకానిక్కు మూడుసార్లొచ్చి వెళ్ళాడు!"

"తర్వాత, గోడ మీద ఆ పెద్ద బొమ్మ. ఎడమవైపు 'అప్పుడు', కుడివైపు 'ఇప్పుడు'. కుడివైపు ఆవిడకి తలుంది, జుట్టుంది, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఎడమవైపు మెడ దాకానే ఉంది. లావుగా ఉన్నప్పుడు మనిషికి తలకాయ ఉండదా? తగ్గాకే మొలుస్తుందా?"

"అది ఓనరు వేయించాడు, నేను కాదు."

"మీరిచ్చిన టీషర్టు."

"అన్నిటికన్నా పెద్ద సైజిచ్చా నీకు!"

"నా మోచేతికి భలే సరిపోయింది. ఇక బట్టలు మార్చుకునే గది. గుమ్మం నలభై రెండంగుళాలు. పరదా ముప్ఫై ఆరు. ఇటు లాగితే అటు ఖాళీ, అటు లాగితే ఇటు ఖాళీ. ఆరంగుళాల సందులోంచి లోకానికి కనబడకుండా నేను బట్టలు మార్చుకోవాలి. ఇరవై రెండేళ్ళుగా కుడుతున్నా, పొట్టి గుడ్డ కనబడితే నాకు చేతులు దురద పెడతాయి. దింపేశా. చుట్టా. చంకలో పెట్టుకున్నా."

"అయితే నువ్వే!"

"దొంగతనం కాదే, అల్టరేషను! చీటీ కూడా రాసి మేకుకి గుచ్చొచ్చా. 'పరదా ఒకటి, వెడల్పు పెంచాలి, శుక్రవారం ఇవ్వబడును.'"

"ఏ శుక్రవారం?"

"అది కూడా రాస్తారా ఎవరైనా?"

"మూడు శుక్రవారాలయ్యాయి!"

"దర్జీ చెప్పిన తారీఖుని నమ్మింది నువ్వొక్కదానివే."

"అయిందా? ఇంతేనా నీ కొలతలు?"

"ఇంకొకటుంది. వద్దులే."

"చెప్పు."

"స్తంభం."

"...ఏ స్తంభం?"

"హాల్లో ఎన్నున్నాయి? ఒకటే. చుట్టుకొలత డెబ్బై రెండంగుళాలు. దాని వెనకాల నిలబెట్టావు నన్ను. 'ఇక్కడైతే నిన్నెవరూ చూడరు వదినా' అన్నావు."

"అది... అక్కడ ఫ్యాను గాలి బాగా తగులుతుందని."

"ఫ్యాను ఆ చివరుంది."

"పట్టుకోడానికి ఆసరాగా ఉంటుందని."

"నలభై నిమిషాలు నీ చెయ్యి ఒకటి కనబడేది, ఒకటి కనబడేది కాదు. నువ్వు కుడిచెయ్యెత్తమన్నావో ఎడమచెయ్యెత్తమన్నావో తెలిసి చావలేదు. ఏం చెయ్యను? స్తంభం వెనక ఎవరో పెన్సిలుతో గీతలు గీశారు, అవి లెక్కపెడుతూ నిలబడ్డా. నాలుగొందల పన్నెండు. ఎవరో పాపం, జైల్లో రోజులు లెక్కపెట్టుకున్నట్టు."

"...టీ ఉందన్నావు కదా, ఇవ్వు."

"ఇప్పుడు నువ్వు మాట మారుస్తున్నావ్."

"నేనేం మార్చట్లేదు. పరదా ఇచ్చెయ్యి, వెళ్ళిపోతా. ఎక్కడుంది?"

"నీ ఎదురుగానే."

"ఇదా? ఇది గళ్ళది."

"నీలం గళ్ళు మీవి, పసుపు గళ్ళు నావి. అంచున చూడు, మీ జిమ్ము గుర్తు."

"ఇంత వెడల్పేంటి! గుమ్మానికా, గోదాముకా?"

"మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు."

"సరే, తీసుకెళ్తున్నా."

"ఆగు! ముట్టుకోకు! దానికింకా... గుండీలు కుట్టాలి."

"పరదాకి గుండీలా?"

"ఫ్యాషను."

"హాఛ్!"

"...వదినా. తాను తుమ్మింది."

"జలుబు చేసుంటుంది."

"తప్పుకో."

"అమ్మాయ్, నా మాట విను, అక్కడ కత్తెర్లుంటాయి, పిన్నులుంటాయి..."

"తప్పుకోమంటున్నానా! ...బ్యాంకు మేడం?! కండక్టరు గారూ! టీచరు గారూ! నర్సమ్మా! ఏంటిది, తలో తానెత్తుకుని బొమ్మల్లా నిలబడ్డారు?"

"గుడ్ మాణింగ్ కోచ్ గారూ. మీరొచ్చారని తెలియగానే కదలొద్దంది మీ వదిన గారు. ఇక దించొచ్చా? చేతులు పడిపోతున్నాయి."

"దించండి బ్యాంకు మేడం, దించండి! ఆ టేబిలు కింద ఎవరది?"

"ఎవరూ లేరు."

"పాదాలు కనబడుతున్నాయి. ఆ పాదాలు నాకు తెలుసు. అమ్మా!!"

"అరవకే. మోకాళ్ళ నొప్పులదాన్ని."

"మోకాళ్ళ నొప్పులతో బల్ల కిందకెలా దూరావ్?"

"అదే నేనూ చూస్తున్నా! మూడు వారాల కింద దూరమంటే దూరగలిగేదాన్నా? కోడలా, చూశావా, చటుక్కున దూరేశాను!"

"చూశానత్తయ్యా, పిల్లిలా దూరారు."

"పొద్దున నేను వచ్చేటప్పుడు నువ్వు దుప్పటి ముసుగులో ఉన్నావు కదమ్మా!"

"దిండుందే ముసుగులో."

"అందరూ కలిసి నా చెవిలో పువ్వులు పెట్టారన్నమాట. ఏం చేస్తున్నారిక్కడ?"

"ఇవాళ పరుగండీ. ఈ బల్ల చుట్టూ. నేను 'రైట్ రైట్' అంటే కదలాలి, 'హోల్డాన్' అంటే ఆగాలి. పాతికేళ్ళు బస్సులో నిలబడి అందరినీ కూచోబెట్టానా, ఇప్పుడు అందరినీ పరిగెత్తిస్తున్నా."

"కండక్టరు గారూ, మీరు మా జిమ్ములో పది నిమిషాలు నడవలేనన్నారు!"

"అక్కడ స్టాపులు లేవండీ."

"మరి తాన్లెందుకు?"

"అవి టీచరు గారి పీరియడు. తాను భుజమ్మీద పెట్టుకుని ఎక్కం చెప్పాలి. మొదట్లో రెండో ఎక్కం అయ్యేలోపు దించేసేవాళ్ళం. ఇప్పుడు పదమూడో ఎక్కం దాకా వచ్చాం."

"అత్తగారు మాత్రం పదకొండు దగ్గర మోసం చేస్తారు, ఏడెనిమిది మెట్లు ఎగరేస్తారు."

"మోసం కాదు టీచరమ్మా, నాకు నిజంగానే రాదు."

"నర్సమ్మ నాడి చూస్తుంది. ఎవరికైనా ఆయాసమొస్తే కూచోబెట్టి కబుర్లు చెప్పిస్తుంది. కూచోడానికి చేతుల్లేని కుర్చీలు వేశా, ఎవరికీ ఇరుకు లేకుండా. ట్రయలు అద్దం మీద దుప్పటి కప్పా. అద్దానికి పొద్దున పూట సెలవు."

"మాకు ఏసీ ఉంది, మిషన్లున్నాయి, కొత్త మ్యాట్లున్నాయి, నేనున్నాను. అవన్నీ వదిలేసి ఈ ఇరుకు కొట్లో తాన్లు మోస్తూ ఎక్కాలు చెప్పుకుంటున్నారా? నాకు ఏడుపొస్తోంది. నవ్వూ వస్తోంది. ఏది ముందు రానివ్వాలో తెలీట్లేదు."

"నవ్వే రానివ్వమ్మా. నువ్వు మంచిదానివే. నీమీద ఎవరికీ కోపం లేదు. ఆ హాలే పడదు మాకు."

"హాలుకేమైంది బ్యాంకు మేడం?"

"ఎదురు గోడ నిండా నాలుగు పెద్ద అద్దాలు. ఒక చెయ్యెత్తితే నలుగురు నేనులు ఎత్తుతారు. నన్నొక్కదాన్ని మోసుకు రావడానికే పొద్దున్నే ఇంత కష్టపడి వస్తే, అక్కడ నలుగుర్ని చూసుకోవాలి."

"మీకేం కోచ్ గారూ, మీరెప్పుడూ అద్దానికి వీపు పెట్టే నిలబడతారు. మావైపు తిరిగి."

"నేను... మిమ్మల్ని చూడాలి కదా కండక్టరు గారూ. అందుకని."

"అది కాదే. నా దగ్గరికి ఓ మనిషొస్తుంది, జాకెట్టు బిగుతైందంటుంది. నేనేం చేస్తాను? కుట్టు విప్పి, లోపలి మడత వదిలి, మళ్ళీ వేస్తాను. జాకెట్టుని సరిచేస్తాను గానీ మనిషిని కొయ్యను కదా! మీ దగ్గర అంతా తిరగేసి ఉంది. గేటు బిగుతైతే మనిషి తగ్గాలి. పరదా పొట్టిదైతే మనిషి తగ్గాలి. తగ్గడానికేగా వచ్చాం, తగ్గిందాకా రానివ్వరేంటే?"

"వదినా..."

"ఒళ్ళు కదిలించడం నాకిష్టం లేదనుకునేదాన్ని. ముప్ఫై ఏళ్ళు అదే అనుకున్నా. ఇక్కడ ఈ నలుగురితో గెంతుతుంటే తెలిసింది, నాకు చచ్చేంత ఇష్టం! నిన్న నేను ఎగిరితే పైన ఫోటో స్టూడియో ఆయన కిందకొచ్చాడు, భూకంపమేమోనని. సిగ్గుపడాల్సిందా? నేను పడలేదు. మళ్ళీ ఎగిరి చూపించా!"

"ఆయన బల్ల పట్టుకున్నాడు పాపం!"

"నవ్వకండత్తయ్యా, మీరే కదా ఆయన్ని కూడా రమ్మని పిలిచింది! అయినా నీకివన్నీ ఏం తెలుస్తాయిలే ఈలపిట్టా. పుట్టినప్పటి నుంచీ పుల్లలా ఉన్నావు."

"ఎవరు చెప్పారు నీకు?"

"చెప్పేదేంటి, కనబడుతూనే ఉందిగా. మీ ఆల్బంలో పదేళ్ళ నుంచి ఇరవై దాకా నీ ఫోటో ఒక్కటీ లేదు, కెమెరా ముందు నిలబడే తీరిక కూడా లేకుండా పరిగెత్తుంటావు."

"దాని ఫోటోలా? అవెందుకు లేవూ, అన్నీ ఉండేవి. అదే ఒకరోజు కూచుని..."

"అమ్మా, నువ్వాగు."

"నేనేమన్నానే?"

"ఏమీ అనలేదు. ఏమీ అనొద్దు. సోమవారం సంగతి చూద్దాం. వదినా, ఒక్కమాట చెబుతా విను. నాకు ఈ ఉద్యోగం కావాలి. ఇంకో పనేదీ నాకు ఇంత ఇష్టం లేదు. మీరు రాకపోతే పోతుంది. వస్తారా, రారా?"

"పిల్ల ఉద్యోగమే పోతుంటే ఇంకా ఆలోచనేంటి? పదండి అందరూ! నేనూ చేరతా. మిగిలిన ముగ్గురూ, వీళ్ళైదుగురూ, నేనూ, తొమ్మిది! ఒకటెక్కువే! టీచరమ్మా, లెక్క సరిపోయిందా?"

"భేషుగ్గా సరిపోయిందమ్మా. పదకొండో ఎక్కం రాకపోయినా కూడిక బానే వచ్చు మీకు."

"ఆగండత్తయ్యా. ఊరికే రాం. షరతులున్నాయి. రాసుకో ఈలపిట్టా."

"పెన్ను లేదు."

"ఇదిగో సుద్ద, బల్లమీద రాయి. ఒకటి, ఆ తిరిగే గేటు తీసెయ్యాలి. నీళ్ళ డబ్బాలకి బార్లా తలుపు తెరిచి, మాకు కడ్డీలు అడ్డం పెడతారా?"

"తీయిస్తా."

"రెండు, గోడమీద ఎడమవైపు ఆవిడకి తల పెట్టించాలి."

"నవ్వుతూ ఉండాలి! పళ్ళు కనబడాలి!"

"పెట్టిస్తా కండక్టరు గారూ, పెట్టిస్తా. లేదా బొమ్మే పీకేస్తా."

"మూడు, బరువు మిషను నోట్లో తువ్వాలు తియ్యకూడదు."

"ఓనరు ఒప్పుకోడు."

"అయితే 'ధన్యవాదములు' ఒక్కటీ ఉంచి మిగతాది తీసేయించు."

"వదినా, కడుపు నొప్పి పుడుతోంది నవ్వలేక!"

"నాలుగు, అద్దాలకి పరదా. నేనే కుడతా. గళ్ళదే."

"అది ముందే చెయ్యి. అది... అన్నిటికన్నా ముందు చెయ్యి వదినా. ఏ శుక్రవారమో కాదు. ఈ శుక్రవారం."

"అబ్బో! పరదా అంటే నీకంత ఉత్సాహమేంటి? సరే, ఐదోది షరతు కాదు. అడగాల్సిన మాట. మూడు వారాల్నుంచి గొంతులో పిన్నులా గుచ్చుకుంటోంది. గేటు ఓనరు పెట్టాడు, బొమ్మ ఓనరు వేయించాడు. స్తంభం వెనక మాత్రం నువ్వు నిలబెట్టావు. నీ చేత్తో నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మరీ. నేనంటే నీకు సిగ్గా?"

"ఛ!"

"మరి?"

"అక్కడ ఫ్యాను..."

"ఫ్యాను అన్నావంటే కత్తెర విసురుతా."

"పీఁ..."

"ఈల నోట్లోంచి తియ్యి. తీసి చెప్పు."

"నువ్వు ఆ గీతలు ఎన్నన్నావు?"

"ఏ గీతలు? పెన్సిలు గీతలా? నాలుగొందల పన్నెండు. ఎందుకూ?"

"పదమూడు."

"నేను రెండుసార్లు లెక్కపెట్టానే."

"ఒకటి బాగా కిందుంటుంది, నేల దగ్గర. ఆ రోజు లేచి నిలబడలేకపోయాను, కూచునే గీశాను. వచ్చిన రోజుకొకటి వదినా. కోచ్‌ని కాకముందు, నువ్వింకా మా ఇంటికి రాకముందు, నేనూ లావుగా ఉన్నప్పుడు. అద్దంలో నేను నాకు కనబడని చోటు ఆ హాలంతటికీ అదొక్కటే. ఎవ్వరికీ చెప్పలేదు, ఎవ్వరినీ నిలబడనివ్వలేదు. నువ్వొచ్చావని నీకిచ్చాను."